అజర్యా అను పేరు గలవారు

మూలపేట వంటి తీరగ్రామములో ఒకే పేరు గలవారు నలుగురుంటే ఇంటిపేరో తండ్రి పేరో చేర్చి పిలుస్తాము. పూర్వపు హెబ్రీయులకు మనవలె ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరు చెప్పుటే వారి పద్ధతి. 1982లో యెరూషలేములోని దావీదు పట్టణపు త్రవ్వకాలలో, యిగాల్ షీలో నాయకత్వమున, దొరికిన మట్టి ముద్రలలో ఒకదానిపై "హిల్కీయా కుమారుడైన అజర్యా" అని ఉన్నది. 1 దిన. 6:13లోని యాజకవంశములో అదే తండ్రి, అదే కుమారుడు కనబడుతున్నారు. తండ్రి పేరు లేకపోతే ఆ ముద్ర ఎవరిదో ఊహించుటకైనా వీలుండేది కాదు. ఎందుకంటే పాత నిబంధనలో అజర్యాలు ఇరవైమందికి పైగా ఉన్నారు.

తెలుగు క్రైస్తవులు ఈ పేరును ఎక్కువగా ఎరిగినది డోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) గారి వలన. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. యెషయా యెషయ్య అయినట్లే అజర్యా మన నోట అజరయ్య అయ్యింది. "యెహోవా సహాయము చేసెను" అని ఈ పేరుకు అర్థము. చివరనున్న "యా" దేవుని నామమునకు సంక్షిప్త రూపము. మన "అయ్య" గౌరవవాచకము. పేరు మన ఇంటిదైనది గాని అందులోని దేవుని నామము వినబడకుండ పోయినది. ఇది తప్పని మేము అనము. అయితే బాప్తిస్మమప్పుడు ఆ పేరు పెట్టే కాపరి దాని అర్థము తలిదండ్రులకు చెప్పుట మంచిది.

ఒక ప్రసంగములో, రాజైన ఆసాను హెచ్చరించిన ఓదేదు కుమారుడైన అజర్యాను (2 దిన. 15:1), ఎనుబదిమంది యాజకులతో వెళ్లి ఉజ్జియాను ఎదిరించిన అజర్యాను (26:17) ఒక్కనిగా చెప్పగా మేము విన్నాము. వారి మధ్య నూరేండ్లకు పైగా దూరమున్నది. ఆ ఉజ్జియాకు కూడ అజర్యా అని మరొక పేరుండుట చిక్కును పెంచుతుంది (2 రాజులు 15:1, 13). హెబ్రీలో ఈ రెండు పేర్లకు భేదము ఒక్క "ర" అక్షరమే. దినవృత్తాంతముల గ్రంథకర్త వంశావళిలో రాజును అజర్యా అనియే వ్రాసి (1 దిన. 3:12), ధూపవేదిక యొద్ద జరిగిన కథలో మాత్రము ఉజ్జియా అన్నాడు. యాజకుడు, రాజు ఒకే పేరుతో ఎదురుపడకుండుటకే అట్లు చేసెనని మా అభిప్రాయము.

దానియేలు స్నేహితుడైన అజర్యాకు బబులోనులో అబేద్నెగో అని పేరు పెట్టారు (దాని. 1:7). పేరు పోయినా విశ్వాసము పోలేదు. ఇది అందరు ఎరిగినదే. అంతగా ప్రసంగింపబడనివాడు హోషేయా కుమారుడైన అజర్యా (యిర్మీ. 43:2). ఐగుప్తునకు వెళ్లవద్దని యెహోవా సెలవిచ్చిన మాట యిర్మీయా చెప్పగా, "నీవు అబద్ధమాడుచున్నావు" అన్నవారిలో మొదట కనబడే పేరు ఇతనిదే. యెహోవా సహాయము చేసెనని ప్రతిదినము పిలువబడినవాడు, కల్దీయులకు భయపడి ఐగుప్తును ఆశ్రయించాడు. యిర్మీయాను, బారూకును కూడ వెంటబెట్టుకొని వారు తహపనేసు వరకు పోయిరి.