కోదాడలో ‘ర’ ఉందా? సీ భాషలో అక్షరం వెతకడం వెనుక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ‘కోదాడ’ అనే పేరులో ‘ర’ అనే అక్షరం ఉందా? ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా లేదనే చెప్తాడు. కానీ లినక్స్‌లో జీసీసీ కంపైలర్‌తో సీ ప్రోగ్రామ్ రాసి, స్ట్రింగ్‌లో అక్షరాన్ని వెతికే ఫంక్షన్‌ని అడిగితే, ఉంది అంటుంది. రెండో బైట్‌లోనే దొరికింది అని చూపిస్తుంది కూడా. ఎందుకిలా? ఇది తెలియాలంటే కాస్త చరిత్ర చూడాలి.

సీ భాష 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. తయారుచేసినాయన డెన్నిస్ రిచీ. అప్పుడు వాళ్ల దగ్గరున్న పీడీపీ-11 మిషన్‌లో మెమరీ చాలా తక్కువ. స్ట్రింగ్‌ని వీలైనంత సాదాగా పెట్టుకున్నారు. అక్షరాలు వరుసగా ఉంటాయి, చివర ఒక సున్నా బైట్ ఉంటుంది, అంతే. పొడవెంతో ఎక్కడా రాసిపెట్టరు. మరి అక్షరాన్ని వెతకాలంటే? మొదటి బైట్ నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. దొరికితే ఆ చోటు చూపించే పాయింటర్ ఇవ్వాలి, సున్నా వచ్చేస్తే నల్ ఇవ్వాలి. నాలుగు లైన్ల లూప్ అన్నమాట.

ఈ చిన్న ఫంక్షన్‌కి కూడా రెండు పేర్లున్నాయి. బర్క్‌లీ యూనిక్స్ వాళ్లు ‘ఇండెక్స్’ అన్నారు. ఏటీ అండ్ టీ వాళ్ల సిస్టమ్ ఫైవ్‌లో ఎస్, టీ, ఆర్, సీ, హెచ్, ఆర్ అని ఆరక్షరాల పేరు పెట్టారు. దీన్ని ‘స్ట్రచర్’ అని పిలుచుకుందాం. 1989లో అమెరికా ప్రమాణం వచ్చినప్పుడు స్ట్రచర్‌నే ఖాయం చేశారు. ఇవాళ మన ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలు చదివేది దాన్నే.

ఇందులో ఎవరూ పైకి చెప్పని ఒక నమ్మకం ఉంది చూడండి. ఒక అక్షరం అంటే ఒక బైట్. ఇంగ్లిష్ అక్షరాలకి వాడే ఆస్కీలో ఉన్నవి 128 గుర్తులే కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు. మన దేశంలో 1991లో వచ్చిన ఇస్కీ ప్రమాణంలో కూడా ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి ఒక్కో బైటే. అంటే స్ట్రచర్ అక్కడ తెలుగులోనూ పనిచేసేది. కాకపోతే తెలుగు ‘క’కి, హిందీ ‘క’కి అదే నంబర్. ఏ లిపో విడిగా చెప్పాలి.

అదే 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 గళ్లు సొంతంగా దక్కాయి. ఇంత పెద్ద నంబర్లు ఒక బైట్‌లో పట్టవు కదా. 1992 సెప్టెంబర్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఇద్దరూ న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని యూటీఎఫ్-8 పద్ధతి రూపం గీశారు. యూనిక్స్ పుట్టించినవాళ్లలో ఈ థాంప్సన్ ఒకరు. అందుకే పాత సీ ప్రోగ్రామ్‌లు విరిగిపోకుండా చూశారు. ఏ అక్షరం మధ్యలోనూ సున్నా బైట్ రానివ్వలేదు.

ఈ పద్ధతిలో తెలుగులో ప్రతి గుర్తుకి మూడు బైట్లు పడతాయి. మన ఊళ్లనే లెక్కపెడదాం. కోదాడ కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో 5 గుర్తులు, 15 బైట్లు. సూర్యాపేట కంటికి నాలుగు, గుర్తులు 9, బైట్లు 27. మిర్యాలగూడ కంటికి అయిదు, గుర్తులు 10, బైట్లు 30. స్ట్రింగ్ పొడవు చెప్పే ఫంక్షన్ ఇచ్చేది ఈ చివరి లెక్కే.

ఇప్పుడు మన ‘ర’ దగ్గరికి వద్దాం. దాని మూడు బైట్లు 224, 176, 176. స్ట్రచర్ ఒక్క బైట్‌నే వెతకగలదు కాబట్టి చివరి 176 మాత్రమే మిగులుతుంది. ‘క’ బైట్లేమో 224, 176, 149. చూశారా? ‘క’ మధ్యలో ఉన్న 176ని చూసి, ‘ర’ దొరికిందని చెప్పేసింది. ఇలాగే సూర్యాపేటలో ‘ఇ’ని వెతికినా ఉందనే అంటుంది. ‘ఇ’ చివరి బైట్ 135, ‘పే’లోని ఏత్వం చివరి బైట్ కూడా 135. కంపైలర్ ఒక వార్నింగ్ ఇస్తుంది, కానీ మనలో చాలామంది వార్నింగ్‌లు చదవం.

మరి దారేమిటి? దారి సీలోనే ఉంది. స్ట్రింగ్‌లో స్ట్రింగ్‌ని వెతికే ‘స్ట్రస్టర్’ వాడి, ‘ర’ని సింగిల్ కోట్స్‌లో కాకుండా డబుల్ కోట్స్‌లో ఇవ్వండి. అప్పుడు మూడు బైట్లూ వరుసగా ఉన్నాయా అని చూస్తుంది. కోదాడలో నల్ వస్తుంది. సూర్యాపేట, మిర్యాలగూడ రెండింటిలోనూ ఆరు బైట్ల తర్వాత ‘ర’ దొరుకుతుంది. యూటీఎఫ్-8లో అక్షరం మొదటి బైట్ విలువలు వేరు, తర్వాతి బైట్ల విలువలు వేరు. అందుకే ఒక అక్షరం మధ్యలో ఇంకో అక్షరం దొరికే అవకాశమే లేదు. ఆ రోజు భోజనాల బల్ల దగ్గర చేసిన ఆలోచన ఇప్పటికీ మనల్ని కాపాడుతోంది.

ఇదంతా పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కదా అనుకోకండి. పింఛన్ల జాబితానో, హాస్టల్ పిల్లల జాబితానో తెలుగులో పెట్టి, ఇలాంటి ప్రోగ్రామ్‌తో వెతికితే లేని పేరు ఉన్నట్టు వస్తుంది. దాన్ని నమ్మి పని చేస్తే నష్టపోయేది ఒక మనిషి. అప్పుడు ‘కంప్యూటర్‌లో తెలుగు సరిగా పనిచేయదు’ అనేస్తారు. తప్పు తెలుగుది కాదు. ఒక అక్షరం అంటే ఒక బైట్ అనుకున్న యాభై ఏళ్ల కిందటి లెక్కది.

కాబట్టి ఈసారి స్ట్రింగ్ ప్రోగ్రామ్ రాసినప్పుడు, పుస్తకంలో ఉన్న ‘హలో’ ఒక్కదానితోనే ఆపేయకండి. మీ ఊరి పేరు తెలుగులో పెట్టి నడపండి. బైట్లు ఒక్కొక్కటీ ప్రింట్ చేసి, కాగితం మీద లెక్క సరిచూసుకోండి. ఏం వచ్చిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, సెలవు.