ఒక చిన్న మాత్ర చరిత్ర

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు గర్భిణి వెళ్లినచో, ఆమె బరువు, రక్తపు పోటు చూచి, రక్తము పరీక్షించి, చేతికి మాత్రలు ఇచ్చెదరు. ఆ మాత్రలలో ముఖ్యద్రవ్యములు రెండు: ఇనుము, ఫోలిక్ ఆమ్లము. ఇనుము సంగతి అందరికిని తెలిసినదే. రెండవదాని కథ మన దేశములోనే ప్రారంభమైనది.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చిరి. అచటి బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలు పలువురు గర్భముతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతకు గురియగుచుండిరి. ఇనుము కొఱతపడినచో ఎఱ్ఱ రక్తకణములు చిన్నవగును. కాని వీరి కణములు సామాన్య పరిమాణము కంటె పెద్దవిగా ఉండెను. విల్స్ దృష్టి వారి ఆహారముపై నిలిచినది. 1929లో కూనూరులోను ఆమె ఈ పరిశోధన సాగించిరి. ఈస్టు నుండి తీసిన ‘మార్మైట్’ అను చౌక పదార్థమును తినిపింపగా రోగులు కోలుకొనిరి. ఈ సంగతిని 1931లో ప్రకటించిరి.

ఈస్టులో ఉన్న ఆ ద్రవ్యమేది? 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక ఆమ్లమును వేరుచేసిరి. లాటిను భాషలో ‘ఫోలియం’ అనగా ఆకు. కనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చినది. కణము రెండుగా చీలుటకు ముందు డి.ఎన్.ఎ. తయారు కావలెను. అందుకు ఈ విటమిను అవసరము. ఇది చాలనప్పుడు కణము పెరుగునే కాని చీలజాలదు. బొంబాయి స్త్రీల రక్తకణములు పెద్దవగుటకు కారణమిదియే.

కూనూరులో రాబర్టు మెకారిసన్ నెలకొల్పిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. తార్నాకలోనున్న ఈ సంస్థ దిల్‌సుఖ్‌నగర్‌కు కొద్ది మైళ్ల దూరముననే కలదు. 1970లో భారత ప్రభుత్వము గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రలిచ్చు పథకమును ప్రారంభించినది.

1991లో మరియొక సత్యము తేలినది. వెన్నుపాము సరిగా మూసుకొనని బిడ్డను పూర్వము కన్న తల్లులు, మరల గర్భము ధరించుటకు ముందు నుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొనగా, ఆ లోపము నూటికి 72 వంతులు తగ్గినది. శిశువు వెన్నుపాము గర్భము నిలిచిన 28 దినములలోపే మూసుకొనును. అప్పటికి పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమని తెలియనే తెలియదు!

కావుననే నేడు గర్భమునకు ముందును, మొదటి మూడు నెలలును దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును, నాలుగవ నెల నుండి 180 దినములు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గల మాత్రను ఇచ్చుచున్నారు. పూర్వము అట్టి బిడ్డను కన్నవారికి ఎక్కువ మోతాదు కావలెను. దానిని వైద్యులే నిర్ణయింతురు. ఇనుము మాత్రను టీతో మ్రింగరాదు, నిమ్మరసము మేలు. ఆకుకూరలు ఉడికించిన నీరు పారబోసినచో ఈ విటమిను చాలవఱకు అందులోనే పోవును. మూడవ నెల దాటిన పిదప ఆసుపత్రికి పోవుదమను అలవాటు మన ఇండ్లలో ఇంకను ఉన్నది. వెన్నుపాము విషయములో అది మించిపోయిన గడువు. ఉపాధ్యాయులు ఈ ఒక్క సంగతిని పై తరగతుల విద్యార్థులకు చెప్పినచో, అది వారి ద్వారా ఇంటింటికి చేరగలదు.