పన్నెండు వోల్టుల టీవీ పడవెక్కిన కథ

ఇంగ్లండు కాలువల మీద తిరిగే నేరోబోట్ వెడల్పు ఏడడుగులు దాటదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ కాలువలకు కట్టిన లాకుల్లో పట్టేది అంతే. పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా ఉండొచ్చు. ఒకప్పుడు బొగ్గూ పింగాణీ మోసిన ఈ పడవల్లో ఇప్పుడు వేలమంది కాపురాలుంటున్నారు. సెలవులకు అద్దెకు తీసుకుని తిరిగేవాళ్లు సరేసరి. లైట్లు, నీళ్ల పంపు, చిన్న ఫ్రిజ్ చాలావరకు 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీల మీదే నడుస్తాయి. ఇంజను తిరిగినంతసేపూ బ్యాటరీలు చార్జి అవుతాయి. పడవను ఒడ్డుకు కట్టేశాక మర్నాటి దాకా ఉన్నదాంతో సర్దుకోవాలి.

అలాంటి చోటికి టీవీ కొనేవాళ్లు తెర ఎన్ని అంగుళాలని మొదట అడగరు. సాయంత్రం నాలుగు గంటలు చూస్తే బ్యాటరీలోంచి ఎంత పోతుందని అడుగుతారు. పడవలోకి టీవీ వచ్చిన తీరు తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నకు ఒక్కో తరం ఇచ్చిన జవాబు చూస్తే చాలు.

వాల్వుల ఆకలి

1950ల నాటి టీవీ సెట్టు వెనక మూత తీస్తే పదిహేను, ఇరవై వాల్వులు కనిపించేవి. ప్రతి వాల్వులోనూ ఒక ఫిలమెంటు ఎర్రగా కాలుతూ ఉండాలి. ఆ వేడికే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. తెర మీద బొమ్మ పడక ముందే బోలెడు కరెంటు ఈ వేడికే పోయేది. సెట్టు మొత్తానికి 150 వాట్లు మామూలు సంగతి. 12తో భాగిస్తే పన్నెండున్నర ఆంపియర్లు. నాలుగు గంటలకు 50 ఆంపియర్-అవర్లు (ఏహెచ్). లెడ్-యాసిడ్ బ్యాటరీని పదేపదే సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే వంద ఏహెచ్ బ్యాటరీ ఒక్క సాయంత్రానికి సరిపోతుందన్నమాట. ఆ తర్వాత లైటు వేసుకోవడానికి కూడా మిగలదు.

అదీ కాగితం మీది లెక్క. వాల్వులకు రెండు వందల వోల్టుల పైచిలుకు కావాలి. బ్యాటరీ నుంచి అంత తీయాలంటే మోటారూ జనరేటరూ జంటగా తిరిగే రోటరీ కన్వర్టరు పెట్టాలి. లేదా గుయ్యిమంటూ కొట్టుకునే వైబ్రేటరు పెట్టాలి. వాటిలో పోయే కరెంటు అదనం. ఎల్.టి.సి. రోల్ట్ రాసిన ‘నేరో బోట్’ 1944లో వచ్చింది. పాడుబడుతున్న కాలువలను కాపాడుకోవాలని 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. సరుకు పడవలు తగ్గి సరదా పడవలు పెరగసాగాయి. కానీ వాల్వుల టీవీని వాటిలోకి ఎక్కించడం అయ్యే పని కాదు.

ఆ పన్నెండు ఎక్కడిది?

లెడ్-యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టాన్ ప్లాంటే తయారుచేశాడు. ఒక్కో సెల్లుకు రెండు వోల్టులు వస్తాయి. మూడు సెల్లులు వరసగా కలిపితే ఆరు వోల్టులు. కార్లలో చాలాకాలం ఇదే నడిచింది. ఇంజన్లు బలిసి, వాటిని తిప్పే స్టార్టరు మోటార్లకు ఎక్కువ శక్తి కావలసి వచ్చేసరికి 1950ల నడుమ అమెరికా కార్ల కంపెనీలు ఆరు సెల్లులకు మారాయి. అలా 12 వోల్టులు స్థిరపడింది. కార్ల సామానయితే ఏ ఊళ్లోనైనా చవగ్గా దొరుకుతుంది. అందుకని చిన్న పడవలవాళ్లూ, కారవాన్ల వాళ్లూ ఆ బ్యాటరీనీ, ఆ బల్బులనీ, ఆ ఫ్యూజులనీ తెచ్చుకున్నారు. పడవ కరెంటును నిర్ణయించింది కారే.

ట్రాన్సిస్టరు వచ్చాక

ట్రాన్సిస్టరుకు ఫిలమెంటు లేదు, కొద్దిపాటి వోల్టులతోనే పనిచేస్తుంది. 1953లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ నుంచి టోక్యోలోని ఒక చిన్న కంపెనీ ట్రాన్సిస్టర్ల లైసెన్సు సంపాదించింది. మసారు ఇబుకా, అకియో మోరితా నడిపిన ఆ కంపెనీ 1958లో సోనీ అని పేరు మార్చుకుంది. రేడియోలో ట్రాన్సిస్టరు పెట్టడం ఒక ఎత్తు, టీవీలో పెట్టడం మరో ఎత్తు.

అమెరికాలో ఫిల్కో కంపెనీ 1959లో ‘సఫారీ’ అనే ట్రాన్సిస్టర్ టీవీ తెచ్చింది. అందులో ట్యూబు రెండంగుళాలే. ఆ బొమ్మను పెద్దది చేసి చూపించేది. నేరుగా తెర మీదే చూసే మొదటి ట్రాన్సిస్టర్ టీవీ సోనీది. 1960లో అమ్మకానికొచ్చిన టీవీ8-301లో ఎనిమిదంగుళాల తెర, 23 ట్రాన్సిస్టర్లు ఉండేవి. బరువు ఆరు కిలోలు. మెయిన్స్ మీదా, 12 వోల్టుల బ్యాటరీ మీదా నడిచేది. ధర 69,800 యెన్లు. కొనగలిగినవాళ్లు తక్కువ, కొన్నవాళ్లకు రిపేర్లు ఎక్కువ.

ఆ రిపేర్ల మూలం ఒక చోట ఉంది. పిక్చర్ ట్యూబు ముందు భాగానికి సుమారు పదివేల వోల్టులు కావాలి. పన్నెండు నుంచి పదివేలకు ఎలా ఎక్కించాలి? బొమ్మ గీసే పద్ధతిలోనే జవాబు దొరికింది. ఎలక్ట్రాన్ పుంజం తెర మీద ఎడమ నుంచి కుడికి గీత గీసి, రెప్పపాటులో వెయ్యోవంతు కూడా పట్టకుండా వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. 625 గీతల పద్ధతిలో సెకనుకు 15,625 సార్లు ఇదే పని. పుంజాన్ని లాగే కాయిల్‌లో కరెంటు మెల్లగా పెరుగుతుంది, వెనక్కి వచ్చే క్షణంలో టక్కున ఆగుతుంది. ధారగా వస్తున్న కుళాయిని ఒక్కసారిగా కట్టేస్తే గొట్టం దడేలుమన్నట్టు, కాయిల్‌లో పెద్ద వోల్టేజి లేస్తుంది. దాన్ని ఒక ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇంకా పెంచితే వేల వోల్టులు వస్తాయి. దీన్నే ఫ్లైబ్యాక్ అంటారు. వాల్వులకూ ఇదే ఉపాయం. కాకపోతే ఆ దెబ్బను వాల్వు తట్టుకునేది, తొలినాటి జర్మేనియం ట్రాన్సిస్టరుకు కష్టమయ్యేది.

వేడినీ వోల్టేజినీ ఎక్కువ ఓర్చుకునే సిలికాన్ ట్రాన్సిస్టర్లు రావడంతో దారి తెరుచుకుంది. 1962లో సోనీ ఐదంగుళాల ‘మైక్రో టీవీ’ విడుదల చేసింది. నాలుగు కిలోల లోపే. ఆ ఏడాది అక్టోబరులో న్యూయార్కు ఫిఫ్త్ ఎవెన్యూలో షోరూము తెరిచి అమెరికన్లకు చూపించింది. కారులో, పడవలో, తోటలో పెట్టుకోదగ్గ టీవీ అనే ఊహకు అప్పుడు రూపం వచ్చింది.

తర్వాతి ఇరవై ఏళ్లలో నలుపు-తెలుపు పోర్టబుల్ సెట్లు బ్యాటరీకి మరింత దగ్గరయ్యాయి. పిక్చర్ ట్యూబు ఫిలమెంటునే 11, 12 వోల్టులకు సరిపడేలా చేశారు. లోపల ఒక రెగ్యులేటరు పెట్టి సర్క్యూట్లన్నిటికీ దాదాపు 11 వోల్టులే అందించారు. బ్యాటరీ పద్నాలుగు దగ్గరున్నా, పన్నెండుకు దిగినా బొమ్మ కుంచించుకుపోదు. పన్నెండంగుళాల సెట్టుకు పదిహేను వాట్లు చాలు. నాలుగు గంటలకు ఐదు ఏహెచ్. వాల్వులు మింగినదాంట్లో పదోవంతు.

ఈ సెట్లే 1980లలో మన పల్లెలకూ వచ్చాయి. వెనక ‘డీసీ 12 వోల్టులు’ అని రాసిన చిన్న సాకెట్టు ఉండేది. దూరదర్శన్‌లో 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలైనప్పుడు ఆదివారం పొద్దున కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ దించి, ఎర్ర వైరు ప్లస్సుకూ నల్ల వైరు మైనస్సుకూ క్లిప్పులు పట్టి ఊరంతా చూసిన ఇళ్లు ఎన్నో. పడవవాళ్లకు పనికొచ్చిన సాకెట్టే కరెంటు నమ్మకం లేని ఊళ్లకూ పనికొచ్చింది.

రంగులు తెచ్చిన చిక్కు

అప్పటికే బ్రిటన్‌లో రంగుల ప్రసారాలు మామూలైపోయాయి. పద్నాలుగంగుళాల కలర్ ట్యూబు సెట్టు యాభై, అరవై వాట్లు లాగేది. నాలుగు గంటలకు మళ్లీ ఇరవై ఏహెచ్ దగ్గరికి పోయింది.

ఇంకో తంటా ఉంది. కలర్ ట్యూబులో మూడు పుంజాలుంటాయి. తెర వెనకున్న సన్నని రంధ్రాల రేకు గుండా వెళ్లి ఒక్కోటి తన రంగు చుక్క మీదే పడాలి. భూమి అయస్కాంత శక్తి కూడా ఆ పుంజాన్ని కాస్త పక్కకు జరపగలదు. ఇంట్లో టీవీ ఎప్పుడూ ఒకే దిక్కుకు ఉంటుంది. నేరోబోట్ మలుపు తిరిగితే టీవీ దిక్కూ మారుతుంది. చుట్టూ ఉన్నది ఉక్కు. దాంతో తెర మూల ఎక్కడో రంగు మచ్చ తేలుతుంది. దాన్ని చెరిపే కాయిల్ మామూలు సెట్లలో మెయిన్స్ ఏసీతో పనిచేసేది. బ్యాటరీ మీద నడిచే సెట్టుకు వేరే ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. సముద్రం మీద తిరిగే పడవల్లో దీనికి ఎదురు బాధ. ట్యూబు కాయిళ్లూ స్పీకరు అయస్కాంతమూ దగ్గరుంటే పడవ దిక్సూచే తప్పు చూపిస్తుంది.

రెండు రేవుపట్నాలు

ట్యూబుకు బదులు ద్రవ స్ఫటికాలతో తెర చేయొచ్చని అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీలో జార్జి హైల్‌మేయర్ బృందం 1968లో చూపించింది. 1970 చివర్లో స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ మెలితిరిగిన స్ఫటికాల పద్ధతికి పేటెంటు వేశారు. రెండు మూడు వోల్టులు ఇస్తే స్ఫటికాలు నిటారుగా నిలబడి వెలుగును ఆపేస్తాయి, వోల్టేజి తీసేస్తే వదిలేస్తాయి. కరెంటు దాదాపు అక్కర్లేదు. బ్యాటరీకి ఇంతకన్నా చల్లని మాట ఉండదు.

చిక్కంతా పదార్థం దగ్గర వచ్చింది. అప్పటి ద్రవ స్ఫటికాలు గాలిలో తేమకే పాడయ్యేవి. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జి గ్రే బృందం 1972-73లో సయనోబైఫినైల్స్ అనే కొత్త పదార్థాలు తయారుచేసింది. అవి మామూలు గది వేడిలో ఏళ్ల తరబడి నిలిచేవి. వాచీలూ కాలిక్యులేటర్లూ వాటితోనే బతికాయి. టీవీకి అదొక్కటే చాలదు. తెర మీది లక్షల చుక్కల్లో ప్రతిదాని వెనకా ఒక స్విచ్చు కావాలి. అమెరికాలో పీటర్ బ్రోడీ ఆ దారి వేశాడు. గాజు పలక మీద చవగ్గా పరచదగ్గ అమార్ఫస్ సిలికాన్‌తో ఆ స్విచ్చులు చేయొచ్చని స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయంలో వాల్టర్ స్పియర్, పీటర్ లెకాంబర్ 1979లో చూపించారు. హల్, డండీ రెండూ రేవుపట్నాలే. పడవ టీవీకి కావలసిన రెండు ముఖ్యమైన దినుసులు అక్కడ తయారవడం కాకతాళీయమే అనుకోండి.

జపాను వాటిని సరుకుగా మార్చింది. 1984లో ఎప్సన్ జేబులో పట్టే రంగుల ఎల్‌సీడీ టీవీ తెచ్చింది. 1988లో షార్ప్ పద్నాలుగంగుళాల తెర చూపించింది.

అయినా కరెంటు అనుకున్నంత తగ్గలేదు. ద్రవ స్ఫటికం తనంతట తాను వెలగదు. వెనక దీపం పెట్టాలి. మొదట పెట్టినవి సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులు. వాటికి మళ్లీ వందల వోల్టులు, ఒక చిన్న ఇన్వర్టరు. ఆ దశలో పంతొమ్మిదంగుళాల సెట్టుకు నలభై వాట్ల దాకా అయ్యేది. 1993లో జపానులోని నిచియా కంపెనీలో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ తయారుచేశాడు. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూసి 1996లో అదే కంపెనీ తెల్ల ఎల్ఈడీని బజారుకు తెచ్చింది. నీలి ఎల్ఈడీకి అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. వెనక ఎల్ఈడీలు చేరాక పంతొమ్మిది, ఇరవై రెండంగుళాల సెట్టు ఇరవై, ఇరవై ఐదు వాట్లకు దిగింది. నాలుగు గంటలకు ఎనిమిది ఏహెచ్ అనుకోవచ్చు. ఐదంగుళాల తెర కోసం కళ్లు చికిలించుకోనక్కర్లేదు, రంగులు వదులుకోనక్కర్లేదు.

ఇప్పుడు కొనాలంటే

విచిత్రం ఏమిటంటే, ఈలోగా ఇంటి టీవీయే పడవ టీవీలా మారిపోయింది. చిన్న సెట్లలో చాలావాటికి కరెంటు బయటి అడాప్టరు నుంచి వస్తుంది. దాని మీద తరచూ ‘12 వోల్టులు’ అనే రాసి ఉంటుంది. అడాప్టరు పీకేసి వైరును నేరుగా బ్యాటరీకి కలిపితే సరిపోదా అనిపిస్తుంది. కాని అడాప్టరు ఇచ్చే పన్నెండు కదలకుండా నిలబడే పన్నెండు. పడవ బ్యాటరీ ఇంజను తిరిగేటప్పుడు 14.4కు ఎక్కుతుంది. స్టార్టరు తిప్పిన క్షణంలో పది దరిదాపులకు జారొచ్చు. పడవలకూ కారవాన్లకూ చేసిన సెట్ల ధర ఎక్కువ ఉండటానికి ఒక కారణం ఈ ఎత్తుపల్లాలను ఓర్చుకునే రెగ్యులేటరు. 1980ల నలుపు-తెలుపు సెట్టులో ఉన్నది అదే మరి. ఇన్వర్టరు పెట్టి 230 వోల్టులు చేసి, అడాప్టరుతో మళ్లీ పన్నెండుకు దించడమూ ఒక మార్గమే. రెండు మార్పుల్లోనూ కరెంటు పోతుంది, టీవీ ఆపినా ఇన్వర్టరు ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది.

తీగ సంగతి చాలామంది మరిచిపోతారు. బ్యాటరీ పడవ ఆ చివర, టీవీ ఈ చివర. పది మీటర్ల దూరమంటే రానూ పోనూ ఇరవై మీటర్ల రాగి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో నాలుగు ఆంపియర్లు పారితే దాదాపు ఒక వోల్టు దారిలోనే కరిగిపోతుంది. రెండు ఆంపియర్ల సెట్టయితే సగం. తీగ అడ్డుకోత వైశాల్యం నాలుగింతలు చేస్తే అందులో నాలుగోవంతే. సెట్టు మంచిదైనా సన్నతీగ పెట్టినందుకు ఆగి ఆగి నడిచేవి ఉంటాయి.

ఇక యాంటెన్నా. ఇళ్ల మీద కనిపించే యాగీ-ఉడా యాంటెన్నా ఒకవైపే చూస్తుంది. దాన్ని 1926లో జపానులో తయారుచేశారు. లంగరు మీద తిరిగే పడవకు అన్ని వైపుల నుంచీ పట్టే గుండ్రటిది నయం. రోజంతా ఒక గట్టుకు కట్టేసే నేరోబోట్‌కు మాత్రం కర్రకు కట్టి చేత్తో తిప్పుకునే యాగీయే ఎక్కువ సిగ్నల్ పట్టుకొస్తుంది. 2012లో బ్రిటన్‌లో అనలాగ్ ప్రసారాలు పూర్తిగా ఆగిపోయాయి. బలహీనమైన సిగ్నల్‌కు అనలాగ్‌లో బొమ్మ మసకబారేది. డిజిటల్‌లో ముక్కలై ఆగిపోతుంది.

కాబట్టి దుకాణంలో సెట్టును ముందు వెనక్కి తిప్పి చూడాలి. ఎన్ని వాట్లు, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, బ్యాటరీ నుంచి దాని చోటికి ఎంత మందం తీగ వెయ్యాలి: ఈ మూడూ కుదిరాకే అంగుళాల మాట.