కదము త్రొక్కు నడకయు, కంపించు వంతెనయు



కాలువపై వేసిన తాటిదుంగను దాటనివాడు మన పల్లెలలో లేడు. ధాన్యపు బస్తాను తలపై నెత్తుకొన్న కూలివాడు దానిపై నడచునపుడు దుంగ యించుక క్రుంగి, మరల నిలుచును. నలుగురు బడిపిల్లలు దానిపై నిలిచి కూడబలుకుకొని యెగిరినచో, అదే దుంగ వారిని కాలువలోనికి విసరివేయును. నేను బడిపంతులుగా నున్న దినములలో ఈ యాటను మాన్పుటకు పలుమారులు బెత్తము పట్టుకొని పరుగెత్తితిని. బరువు చూచినచో నలుగురు బాలురును, బస్తాతో కూలివాడును దాదాపు సమానమే. మఱి దుంగ వీరియెడ నొకరీతిని, వారియెడ నొకరీతిని ఏల ప్రవర్తించును? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పవలసివచ్చి, పాశ్చాత్యదేశముల యింజనీరులు చాలకాలము మిక్కిలి మూల్యము చెల్లించిరి. ఆ కథను నేడు మీకు విన్నవించెదను.

ప్రతి వస్తువునకును తనదైన యూపు కలదు. ఉయ్యెల తొట్టిని దాని రాకపోకల కాలము గుర్తెఱిగి త్రోయు పసిది కూడ దానిని దూలమువఱకు ఊపగలదు. కాలము తప్పి త్రోయు బలాఢ్యుడు దానిని ఆపివేయును. దూలమునకును, మిద్దెకును, వంతెనకును ఈ ధర్మము సమానమే. ఇంగ్లండునందలి థామస్ ట్రెడ్గోల్డు అను శిల్పశాస్త్రజ్ఞుడు 1828లోనే, అంతస్తుల దూలములు తగినంత లోతుగా నుండవలెననియు, లేనిచో ఒకడు గదిలో నడచినంతనే అందలి సామగ్రియంతయు అదరుననియు హెచ్చరించెను. అనగా, విఱుగకుండుట యొక్కటియే చాలదు, అదరకుండవలెనని భావము.

ఆ హెచ్చరిక వంతెనల విషయమున ఎంత సత్యమో మూడేండ్లకే తేలినది. మాంచెస్టరునకు సమీపమున ఇర్వెల్ నదిపై బ్రాటన్ అనుచోట, 1826లో నిర్మింపబడిన ఇనుప గొలుసుల వ్రేలాడు వంతెన యొకటి యుండెను. 1831 ఏప్రిల్ 12వ తేదీన 74 మంది సైనికులు కవాతు ముగించుకొని, నలుగురేసి వరుసగా దానిపై నడచుచుండిరి. అడుగుల తాళమునకు వంతెన యూగుట వారికి వినోదమయ్యెను. ఈలలతో పాట నందుకొని, మఱింత ఉత్సాహముతో కదము త్రొక్కిరి. ఇంతలో గొలుసును పట్టియుంచు బోల్టు పుటుక్కున తెగినది. వంతెన యొక కొన క్రుంగి, సుమారు 40 మంది నదిలో పడిరి. అచట నీరు రెండడుగుల లోతే యగుటచే ప్రాణహాని లేదు గాని, పలువురు గాయపడిరి. ఆ బోల్టు మొదటనే లోపముతో తయారైనదని విచారణలో తేలినది. ఊపు ఆ లోపమును వెలికి దెచ్చినది. నాటినుండి వంతెనపై సైనికులు అడుగులు కలుపరాదను ఆజ్ఞ ఆంగ్లసైన్యమున వెలువడెను. లండను నగరమున 1873లో తెఱవబడిన ఆల్బర్టు వంతెన కడ, సైన్యములు అడుగు తప్పించి నడువవలెనను పలక నేటికిని కానవచ్చును.

ఆజ్ఞ యున్నది గదా, ఇక భయమేల యనుకొందురా? ఫ్రాన్సుదేశమున ఆంజే నగరములో మేన్ నదిపై 102 మీటర్ల తీగ వంతెన యుండెను. 1850 ఏప్రిల్ 16వ తేదీన, గాలివాన వీచుచుండగా, ఒక పటాలము దానిపైకి వచ్చెను. అడుగులు కలుపవద్దని వారికి ముందే ఆజ్ఞాపింపబడియుండెను. కాని గాలికి వంతెన యూగుచుండ, పడిపోకుండ నిలువదలచిన సైనికులు తమకు తెలియకయే ఆ యూపునకు తగినట్లు ఒకే తీరున కాళ్లు వేసిరి. వంతెన నేర్పిన తాళమే వారి తాళమయ్యెను. లంగరుల యందలి తీగలు అంతకుముందే త్రుప్పుపట్టి బలహీనపడియుండెను. అవి తెగి వంతెన కూలినది. 220 మందికి పైగా మరణించిరి. మనుష్యుని ఆజ్ఞాపించుట సులభమే. వంతెనపై నిలువదలచిన దేహము ఆజ్ఞ వినదని ఆ దినమున తెలియవచ్చెను.

అయినను ఈ పాఠము పూర్తిగా నెక్కలేదు. 2000 జూన్ 10వ తేదీన లండనునందు థేమ్స్ నదిపై మిలీనియం పాదచారుల వంతెన తెఱవబడెను. అచట సైన్యము లేదు, కవాతు లేదు. ఉన్నవారు ఊరక వేడుక చూడవచ్చిన జనులు. అయినను వంతెన ప్రక్కలకు ఏడు సెంటీమీటర్ల వఱకు ఊగజొచ్చెను. రెండు దినములలోనే దానిని మూసివేసిరి.

కారణమేమనగా, నడచువాడు సెకండునకు రెండడుగులు వేయును. క్రిందికి తాకిడి రెండుమారులు కలుగును. కాని ఎడమకాలు ఒక ప్రక్కకు, కుడికాలు వేఱొక ప్రక్కకు నెట్టును గావున, ప్రక్కయూపు సెకండునకు ఒకమారే. ఇంజనీరులు క్రిందిమీది కదలికను లెక్కించిరి గాని, ఈ ప్రక్కత్రోపును తగినంతగా గణింపలేదు. పిమ్మట జనులను నడిపించి పరీక్షింపగా మఱియొక వింత తెలిసినది. వంతెనలో నొకభాగముపై 156 మంది నడచువఱకు పెద్ద కదలిక లేదు. 166 మంది కాగానే ఊపు ఒక్కమాఱుగా హెచ్చెను. నిండుకుండపై పడు తుదిచుక్క వంటిది ఆ సంఖ్య. అడుగులు కలియుటయే ఇందుకు కారణమని మొదట దలచిరి. కాని 2021లో ప్రకటింపబడిన పరిశోధన, అడుగులు కలియకున్నను, ప్రతివాడును తన తూనిక నిలుపుకొనుటకై చేయు ప్రయత్నమే వంతెనకు ఊపు నందింపవచ్చునని చూపినది. చిక్కని ద్రవము నిండిన గొట్టములను, స్ప్రింగులపై నిలిపిన బరువులను అమర్చి, ఆ యూపును హరింపజేసి, 2002 ఫిబ్రవరి 22వ తేదీన వంతెనను మరల తెఱచిరి.

కావున నేడు వంతెనను గాని మిద్దెను గాని కట్టుటకు ముందే దాని సహజమైన యూపు ఎంతయో, దానిని చల్లార్చు శక్తి ఎంతయో, ఎందఱు నడచినచో ప్రమాదమో గణింతురు. మన పెద్దలు వంతెనను చూచి ఎంత బరువు మోయునని యడుగుదురు. అది మంచి ప్రశ్నయే. ఏ తాళమునకు లొంగును, దాని బోల్టులును తీగలును త్రుప్పులేక యున్నవా, అని యీ రెండును గూడ అడుగుడు. మీ యూరి కాలువపై కొత్తగా నడకవంతెన వేయునపుడు, జాతరనాడు దానిపై ఎందఱు ఒక్కమాఱుగా నడతురో ఆ యింజనీరుతో ముందే చెప్పుడు. ఆంజేలో మరణించినవారికి ఆ మాట చెప్పువారు లేకపోయిరి.