అవే చేతులు, వేరే కార్లు

2009 జూన్ 1న జనరల్ మోటార్స్ న్యూయార్క్ దివాలా కోర్టు మెట్లెక్కింది. ఆస్తులు సుమారు 8,200 కోట్ల డాలర్లు, అప్పులు 17,200 కోట్లకు పైనే. క్రైస్లర్ అప్పటికి నెల రోజుల కిందటే, ఏప్రిల్ 30న, దివాలాకు వెళ్లింది. ఫోర్డ్ మాత్రం ఆ గండం గట్టెక్కింది. 2006లోనే తన నీలిరంగు లోగోతో సహా దాదాపు ఆస్తులన్నీ తాకట్టు పెట్టి తెచ్చుకున్న అప్పే దాన్ని ఒడ్డున పడేసింది.

తప్పెవరిదన్న ప్రశ్న రాగానే చాలామంది కార్మికుల వైపే వేలెత్తి చూపారు. జీతాలు ఎక్కువ, యూనియన్ మొండిది అన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. 1950లో యునైటెడ్ ఆటో వర్కర్స్ యూనియన్‌తో జనరల్ మోటార్స్ ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది. సమ్మెలు ఉండవు, బదులుగా పింఛను, వైద్య ఖర్చుల్లో వాటా కంపెనీ ఇస్తుంది. అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో దాదాపు సగం తనవే అయిన కంపెనీకి అదేమంత బరువనిపించలేదు. యూనియన్ నేత వాల్టర్ రూథర్ మాత్రం ఈ భారం కంపెనీలు కాక ప్రభుత్వం మోయాలని కోరుకున్నాడు. ఆ దారి మూసుకుపోయాకే కంపెనీల నుంచి హామీలు రాబట్టాడు. 2000ల నడుమకు వచ్చేసరికి జనరల్ మోటార్స్ ఏడాదికి 500 కోట్ల డాలర్లకు పైగా వైద్యానికే ఖర్చు పెడుతోంది. అందులో పెద్ద భాగం రిటైరైన వాళ్లదీ, వాళ్ల కుటుంబాలదీ.

కానీ ఖర్చొక్కటే కారణమైతే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కథకు అర్థం ఉండదు.

ఫ్రీమాంట్ ఫ్యాక్టరీకి జనరల్ మోటార్స్‌లోనే చెడ్డపేరు. రోజూ ఐదుగురిలో ఒకరు పనికి రారు. వచ్చినవాళ్లలో కొందరు పనివేళల్లోనే తాగుతారు. ఏం జరిగినా లైన్ ఆగకూడదన్నది అక్కడి నియమం. బోల్టు తప్పినా, భాగం తారుమారైనా కారు ముందుకు కదలాల్సిందే, తర్వాత బాగుచేసుకోవాల్సిందే. 1982లో కంపెనీ దానికి తాళం వేసింది.

రెండేళ్లకు ఆ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి, ఈసారి టయోటా భాగస్వామ్యంతో. 1981 నుంచి జపాన్ తన కార్ల ఎగుమతులకు ఏడాదికి 16.8 లక్షల పరిమితి పెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి అమెరికా గడ్డమీదే కార్లు తయారుచేయడం టయోటా నేర్చుకోవాలి. చిన్న కారును నాణ్యంగా చేయడం జనరల్ మోటార్స్ నేర్చుకోవాలి. కొత్త ఫ్యాక్టరీ పేరు నమ్మీ. తీసుకున్న కార్మికుల్లో అత్యధికులు పాత ఫ్రీమాంట్ వాళ్లే, యూనియన్ కూడా అదే.

వాళ్లలో వందలాది మందిని టయోటా జపాన్‌లోని తకావోకా ఫ్యాక్టరీకి శిక్షణకు పంపింది. లోపం కనిపిస్తే తాడు లాగి లైన్ ఆపే అధికారం ప్రతి కార్మికుడికీ ఇచ్చింది. ఆపినవాడి మీద ఎవరూ అరవరు. టీమ్ లీడర్ పరుగున వచ్చి, పక్కన నిలబడి సమస్య తీరుస్తాడు. కొద్దికాలంలోనే గైర్హాజరీ బాగా తగ్గిపోయింది. నాణ్యతలో ఆ కార్లు జపాన్‌లో తయారైన వాటితో పోటీపడ్డాయి. 1988లో అమ్మకాలు పడిపోయినప్పుడు కూడా ఎవరినీ తీసేయలేదు. ఖాళీ దొరికిన వాళ్లకు మళ్లీ శిక్షణ ఇచ్చారు.

రుజువు కళ్లెదుటే ఉంది. కానీ జనరల్ మోటార్స్ నాటి అధిపతి రోజర్ స్మిత్ నమ్మకం రోబోల మీదా, కంపెనీల కొనుగోళ్ల మీదా నిలిచింది. 1985లో హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్‌కే 500 కోట్ల డాలర్లు పోశాడు. ఫ్రీమాంట్ పద్ధతిని కాలిఫోర్నియాలోనే ఉన్న వాన్ నైస్ ఫ్యాక్టరీకి తీసుకెళ్లబోతే మేనేజర్లు తమ పెత్తనం వదులుకోలేదు. కార్మికులు సీనియారిటీ పోతుందని భయపడ్డారు. అక్కడ ఆ ప్రయత్నం నిలవలేదు. మిగతా ఫ్యాక్టరీలు మారడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది.

ఈలోగా అమెరికా కార్ల కంపెనీలు పెద్ద ఎస్‌యూవీలు, పికప్‌ల లాభాలతో నెట్టుకొచ్చాయి. దిగుమతయ్యే పికప్‌లపై 1964 నుంచీ ఉన్న 25 శాతం సుంకం ఆ కంపెనీలకు రక్షణ. 2008లో పెట్రోలు గ్యాలన్ 4 డాలర్లు దాటింది, ఆ వెంటనే అప్పు పుట్టని రోజులొచ్చాయి. ఆ ఏడాది జనరల్ మోటార్స్ నష్టం సుమారు 3,090 కోట్ల డాలర్లు.

దివాలా ప్రక్రియలో భాగంగా జనరల్ మోటార్స్ నమ్మీ నుంచి కూడా తప్పుకుంది. ఒంటరిగా నడపడానికి టయోటా ఇష్టపడలేదు. 2010 ఏప్రిల్ 1న చివరి కరోలా లైన్ దిగింది, వేలాది మంది ఉపాధి పోయింది. పాతికేళ్లపాటు లోపాలు పట్టుకుని లైన్ ఆపడం నేర్చిన ఆ మనుషులు రోడ్డున పడ్డాక, ఆ ఏడాదే ఫ్యాక్టరీని టెస్లా కొనుక్కుంది.