గర్భస్రావ ఔషధాల విక్రయంపై చట్ట నియంత్రణ: హనుమకొండ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతదేశంలో గర్భస్రావ మాత్రల ఆన్‌లైన్ విక్రయాన్ని నిషేధించే ప్రత్యేక చట్టం లేదు. శిక్షాస్మృతి, వైద్య గర్భస్రావ చట్టం, ఔషధ నిబంధనలు, లింగనిర్ధారణ నిషేధ చట్టం కలిసి ఆ మాత్రకు హద్దులు గీశాయి. ఈ నాలుగు ఎలా రూపొందాయో, ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగడం లేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గర్భస్రావ చట్టం, మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టోల్, ఈ-ఫార్మసీ, లింగనిర్ధారణ, హనుమకొండ.

1. ఉపోద్ఘాతం:
2023 మే నెలలో వరంగల్ పోలీసులు హనుమకొండ కేంద్రంగా లింగనిర్ధారణ పరీక్షలు, అక్రమ గర్భస్రావాలు సాగిస్తున్న ముఠాను అరెస్టు చేశారు. ఇటువంటి కేసు బయటపడినప్పుడల్లా స్కానింగ్ కేంద్రాలతోపాటు మందుల దుకాణాలపైనా అనుమానం మళ్లుతుంది. లింగ ఎంపికను అరికట్టడం, గర్భస్రావ మాత్రను అరికట్టడం ఒకటేనా? ఈ ప్రశ్నకు సమాధానం చట్టాల చరిత్రలో ఉంది.

2. శిక్ష నుంచి మినహాయింపు దాకా:
1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్, తల్లి ప్రాణాన్ని కాపాడటానికి తప్ప, గర్భస్రావాన్ని నేరంగా పరిగణించింది. తన గర్భాన్ని తానే తొలగించుకున్న స్త్రీ కూడా ఆ సెక్షన్ కింద నేరస్థురాలే. నిజాం రాజ్యంలో భాగమైన హనుమకొండలో అప్పట్లో హైదరాబాద్ సంస్థానపు సొంత శిక్షాస్మృతి అమలులో ఉండేది. 1951లో భారత శిక్షాస్మృతి ఈ ప్రాంతానికి విస్తరించింది.

1964లో ఏర్పడిన శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక సమర్పించింది. దాని ఫలితమే 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం. అది 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అయితే ఈ చట్టం పాత సెక్షన్‌ను రద్దు చేయలేదు; నిర్దేశించిన పరిస్థితుల్లో గర్భస్రావం చేసిన వైద్యుడు నేరస్థుడు కాడని మాత్రమే చెప్పింది. అంటే అది స్త్రీకి హక్కు ఇవ్వలేదు, వైద్యునికి రక్షణ ఇచ్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్‌లోనూ స్త్రీ నేరస్థురాలిగానే మిగిలింది.

3. మాత్ర రాకతో ఏర్పడిన వైరుధ్యం:
1971 చట్టం శస్త్రచికిత్సను దృష్టిలో ఉంచుకొని రాసినది. అందుకే అది ఆసుపత్రి అనే స్థలాన్ని కేంద్రంగా చేసుకుంది. 2002లో మిఫెప్రిస్టోన్‌కు దేశంలో అనుమతి లభించడంతో ఈ కేంద్రం కదిలిపోయింది. 2003 నిబంధనలు ఏడు వారాల వరకు మాత్రలు సూచించే వీలును వైద్యునికి కల్పించాయి. 2008లో మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టోల్ కలిపిన ప్యాకెట్‌కు తొమ్మిది వారాల వరకు వాడేలా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది. ఒకే మందుకు ఒక నిబంధనలో ఏడు వారాలు, మరో అనుమతిలో తొమ్మిది వారాలు. ఈ తేడా తొలగడానికి 2021 నిబంధనల దాకా ఆగవలసి వచ్చింది.

ఆచరణ మాత్రం చట్టం కోసం ఆగలేదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం 2015లో దేశంలో సుమారు 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని అంచనా వేసింది. వాటిలో 73 శాతం ఆరోగ్య కేంద్రాల వెలుపల, మాత్రలతో జరిగినవే.

4. ఆన్‌లైన్ విక్రయం – కేంద్రం, రాష్ట్రం:
రాజ్యాంగంలో ఔషధాలు ఉమ్మడి జాబితాలోని అంశం. 1940 నాటి చట్టం, 1945 నాటి నిబంధనలు కేంద్రానివి. దుకాణాలకు లైసెన్సులు ఇచ్చేదీ తనిఖీ చేసేదీ రాష్ట్ర ఔషధ నియంత్రణ యంత్రాంగం. ఈ రెండు మాత్రలూ షెడ్యూల్ హెచ్‌లో ఉన్నందున వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు.

2018 ఆగస్టు 28న కేంద్రం ఈ-ఫార్మసీ ముసాయిదా నిబంధనలను ప్రకటించింది. మాదకద్రవ్యాలను, షెడ్యూల్ ఎక్స్ మందులను ఆన్‌లైన్‌లో అమ్మరాదన్న ఆ ముసాయిదా గర్భస్రావ మాత్రలను విడిగా పేర్కొనలేదు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ మందుల విక్రయాన్ని నిలిపివేయాలని ఆదేశించింది. ముసాయిదా మాత్రం ఏళ్లు గడిచినా తుదిరూపం దాల్చలేదు.

తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌తో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. 2025 డిసెంబరులో అమలులోకి వచ్చిన అక్కడి చట్టం, ఈ మాత్రలను తయారుచేసినవారిపై, రాష్ట్రంలోకి పంపినవారిపై కనీసం లక్ష డాలర్లకు దావా వేసే అవకాశాన్ని సాధారణ పౌరులకు సైతం ఇచ్చింది. మాత్ర వాడిన స్త్రీని మాత్రం మినహాయించింది. అతి కఠినమైన ఆ చట్టం మినహాయించిన స్త్రీని ఉదారమైనదిగా పేరొందిన మన చట్ట వ్యవస్థ ఇంకా నేరపరిధిలోనే ఉంచింది.

5. రెండు చట్టాల కలగాపులగం:
1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం లక్ష్యం వేరు. స్కానింగ్ ద్వారా పిండం లింగాన్ని నమ్మకంగా గుర్తించగలిగేది సాధారణంగా 12 వారాల తరువాతే. మాత్రకు చట్టం అనుమతించిన గడువు తొమ్మిది వారాలు. గడువులోపు వాడే మాత్ర లింగ ఎంపికకు సాధనం కావడం అరుదు. గడువు దాటాక పర్యవేక్షణ లేకుండా వాడితే తీవ్ర రక్తస్రావం వంటి ప్రమాదాలు పెరుగుతాయన్నది నిజమే. కానీ దుకాణాలు భయంతో మాత్రలు ఉంచడం మానేస్తే మొదట నష్టపోయేది తొలి వారాల్లోనే వైద్యుని చీటీతో వచ్చిన స్త్రీ. మారుమూల పల్లె నుంచి హనుమకొండ దాకా రావలసిన స్త్రీకి ఒక్కో వారం ఆలస్యం సురక్షితమైన గడువును హరించేదే.

6. ముగింపు:
మాత్రను ఎవరు అమ్మాలి, ఎక్కడ అమ్మాలి అన్న ప్రశ్నల చుట్టూనే ఈ నియంత్రణ చరిత్ర నడిచింది. వివరాల గోప్యతను 2021 సవరణ బలపరిచింది. అవివాహితలకూ సమాన అవకాశం ఉండాలని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ రెండూ స్త్రీని కేంద్రంగా చేసుకున్న అడుగులు. ఆన్‌లైన్ విక్రయంపై రాబోయే నిబంధనలు ఈ దారిలో సాగాలంటే, లింగ ఎంపికపై నిఘాను స్కానింగ్ కేంద్రాల వద్ద ఉంచి, తొలి వారాల మాత్రను వైద్యుని చీటీతో నిర్భయంగా పొందే వీలు కల్పించాలి. 88వ సెక్షన్ నుంచి స్త్రీని తప్పించనంత కాలం ఆ నిర్భయత్వం అసంపూర్ణమే.