గడ్డి లేచాకే దండు కదిలేది

జరగండర్రా, మంట అందరికీ తగలాలి. ఎలక్షన్ల క్యాంపెయిన్ అంటున్నారే, ఆ మాట పుట్టింది పొలాల్లో.

రోమువాళ్ల లాటిన్‌లో కాంపస్ అంటే చదునైన బయలు. టైబర్ నది పక్కన యుద్ధదేవుడు మార్స్ పేర ఒక పెద్ద బయలుండేది. కుర్రాళ్లు కత్తి తిప్పడం నేర్చిందీ, పౌరులు ఓటు వేసిందీ అక్కడే. ఆ మాటలోంచే ఇటలీవాళ్ల కంపాన్యా వచ్చింది. పల్లెపట్టు అని అర్థం.

క్యాంపెయిన్ దాంట్లోంచి వచ్చిందే, ఎలక్షన్లకంటే ముందు దానర్థం దండయాత్ర. మరి పల్లెపట్టు యుద్ధమెట్లా అయింది? గడ్డి వల్లరా! ఫిరంగులు వచ్చాక కూడా వాటిని లాగేది గుర్రాలే కదా. ఒక్కోదానికి రోజుకు పాతిక కిలోల దాకా పచ్చిగడ్డి కావాలి. వేల గుర్రాలకు అంత మేత బండ్లమీద మోయించడం ఏ రాజు తరం? అందుకే మంచుకాలమంతా సైన్యం పట్టణాల్లో తలదాచుకునేది. వసంతంలో గడ్డి లేచాక బయళ్లకు దిగి, మళ్లీ చలి ముదిరేదాకా అక్కడే ఉండేది. అలా బయలు పేరే ఆ ఏటి యుద్ధానికి పేరైంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకీ వచ్చింది. జర్మన్లు ఫెల్ట్‌సూగ్ అంటారు, పొలంలోకి కదలడమని.

1704 మే నెలలో మార్ల్‌బరో అనే ఇంగ్లీషు సేనాని రైన్ ప్రాంతం నుంచి బయలుదేరి డాన్యూబ్ నది దాకా సైన్యాన్ని నడిపించాడు. ఐదు వారాల్లో నాలుగొందల కిలోమీటర్లు! ఆగస్టు 13న బ్లెన్‌హైమ్ దగ్గర గెలిచాడు. ఆ నడక గొప్పదే, కాదనను. నా మనసు మాత్రం జూలై నెల దగ్గరే ఆగిపోతుంది. బవేరియా పాలకుణ్ణి లొంగదీయాలని అక్కడి పల్లెలు తగలబెట్టించాడు. పాలకుడు లొంగలేదు. కాలింది రైతుల ఇళ్లు, వాళ్ల ఏడాది తిండి.

మన దక్కనులోనూ అంతే. వానలు వెలిసి, ఏళ్లు తగ్గి, దారులు ఆరాక దసరాకు మరాఠా దండులు పొలిమేర దాటేవి. చేలల్లో జొన్న కోతకొచ్చే రోజులూ అవే. దండు వస్తోందంటే చాలు, ఊళ్లవాళ్లు ఉన్నదేదో భూమిలో పూడ్చి, పిల్లల్ని చంకనేసుకుని, గొడ్లను తోలుకుని అడవికో కొండకో పోయేవాళ్లు. దాన్ని మనవాళ్లు వలస అన్నారు. ఇప్పుడు కూలికి పట్నం పోవడాన్ని వలస అంటున్నాం గానీ, 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి, శత్రుసైన్యానికి భయపడి ఊరు విడిచిపోవడమని ఉంటుంది.